కొమ్మల వారం

పెళ్లయిన కొత్తలో నాకు ప్రతిదానికీ నవ్వొచ్చేది. స్నానాలగదిలో ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి కనిపిస్తే నవ్వొచ్చేది. ఎవరెట్ నాకు తెలియకుండా నా సంచిలో వేసిన నారింజపండు, ఆఫీసులో తాళాల కోసం వెతుకుతున్నప్పుడు చేతికి తగిలితే నవ్వొచ్చేది. అతను మిషన్ వీధిలో కరెంటు బస్సు నడుపుతాడు. మా వంటింటి కిటికీ కిందికి వచ్చినప్పుడు ఒక్కసారి చిన్నగా హారన్ నొక్కుతాడు. అలా నొక్కకూడదు. నొక్కుతాడు. నేను చేతిలో గరిటెతోనే కిటికీ దగ్గరికి పరుగెడతాను. రోజూ అదే బస్సెక్కే ముసలమ్మలకు ఈ సంగతి తెలిసిపోయి, వాళ్లూ నాకు చేతులూపడం మొదలుపెట్టారు.

నేను పనిచేసేది బాచిగలూపి చెట్ల కంపెనీలో. శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల పక్కన పెరిగే చెట్ల కొమ్మలు కత్తిరించడం మా పని. చెట్లెక్కేవాళ్లు వేరే, నేను యార్డు పక్కనున్న ఆఫీసుగదిలో కూర్చుని ఫోన్లూ జీతాలూ టెండర్లూ చూసుకుంటాను. కాలేజీలో చరిత్ర చదివాను కాబట్టి మావాళ్లు నన్ను ప్రొఫెసరమ్మా అని పిలుస్తారు. అసలు పేరు లూర్దెస్. యజమాని ఆల్డో బాచిగలూపి గారు వాళ్ల నాన్న దగ్గర్నుంచి కంపెనీని, గట్టి గొంతును, ఒక ఆచారాన్ని తెచ్చుకున్నారు. ఆ ఆచారం పేరు కొమ్మల వారం.

మా దగ్గర పనిచేసేవాళ్లకు ఎవరికైనా పెళ్లయితే, తర్వాతి సోమవారం పొద్దున కంపెనీ పెద్ద ట్రక్కును పచ్చి కొమ్మలతో పందిరిలా కట్టేస్తారు. ఆల్డో గారు కోటు తొడుక్కుని, టై కట్టుకుని తనే నడుపుకుంటూ కొత్త జంట ఇంటికి వెళతారు. ఇద్దర్నీ ముందు సీట్లో ఎక్కించుకుని, ఊరంతా హారన్ మోగిస్తూ తిప్పి, మళ్లీ ఇంటి దగ్గర దించుతారు. దించి, "వారం దాకా మీ మొహాలు నాకు చూపించొద్దు" అంటారు. ఆ వారం సెలవు, జీతం మామూలే. నా పెళ్లికీ అదే జరిగింది. ట్రక్కు గుమ్మం ముందు ఆగగానే మా అమ్మ ఏడ్చింది. వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. ఎవరెట్ ట్రక్కు చుట్టూ తిరిగి చూసి, "నా బస్సుకి కూడా ఇలా కడితే బాగుణ్ణు" అన్నాడు. బిర్యానీ ఆకు లాంటి బే చెట్టు ఆకుల ఘాటు వాసన తలస్నానం చేసినా నా జుట్టును వదల్లేదు.

ఆ కొమ్మలు కట్టేది ఆర్లీ తిబోడో గారు. కుర్రతనంలో లూసియానా నుంచి వచ్చి మా కంపెనీలోనే జుట్టు నెరిసిన నల్లజాతి మనిషి. ఇప్పుడు చెట్లెక్కడం తగ్గించి కింద నిలబడి పని చేయిస్తారు. వాసన కోసం బే కొమ్మలు పక్కలకి, ఆకుల మెరుపు కోసం మాగ్నోలియా ముందుకి పెట్టి ఆయన కడితే, కొండ దిగుతున్నప్పుడు కూడా ఒక్క రెమ్మ కదలదు.

ఆర్లీ గారు ఎఫ్రైన్ అనే దర్జీతో కలిసి ఉంటారు. ఇరవై ఏళ్ల పైమాటే. రంపం తగిలి చిరిగిన మావాళ్ల ప్యాంట్లన్నీ ఎఫ్రైన్ గారి చేతికే వెళతాయి. అతుకు ఎక్కడ వేశారో వేలితో తడిమితే గాని తెలియదు. వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో యార్డులో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. దాచినట్టూ కాదు, చెప్పినట్టూ కాదు. ఆనోటా ఈనోటా కూడా నలగకుండా అలా ఉండిపోయింది, అంతే.

ఆ ఏడాది సిటీవాళ్లు పెద్ద టెండరు పిలిచారు. మిషన్ నుంచి బేవ్యూ దాకా వీధి చెట్లన్నీ, కొన్నేళ్లపాటు. అది చేతికి రాకపోతే సగంమందిని ఇంటికి పంపాల్సి వస్తుందని ఆల్డో గారు అందరి ముందే చెప్పేశారు. సిటీ ఆఫీసులో సీలు వేసిన కవర్లు ఒక్కొక్కటే విప్పి ధరలు గట్టిగా చదివినప్పుడు, అందరికన్నా తక్కువ మాదే. వెనక బెంచీ మీద నేను ఎగిరి గంతేసి, పక్కాయన కాలు తొక్కి, క్షమించమని అడిగి, మళ్లీ గంతేశాను.

కానీ ధర ఒక్కటే చాలదు. సిటీతో వ్యాపారం చేసేవాళ్లు జాతి, మతం, ఆడా మగా చూసి ఎవరినీ తక్కువ చేయకూడదన్నది పాత నియమమే. కిందటేడు దానికి కొత్త మాట కలిపారు. పెళ్లయిన ఉద్యోగికి ఏది ఇస్తే, సిటీ దగ్గర జంటగా నమోదు చేయించుకున్న ఉద్యోగికీ అదే ఇవ్వాలి. చట్టం పెళ్లి చేసుకోనివ్వని జంటలు మా ఊళ్లో చాలామంది. వాళ్ల కోసం పెట్టిన మాట అది. ఒక ఆఫీసరు వచ్చి చూసి సరేనంటేనే కాంట్రాక్టు మాది. లేదంటే రెండో కవరువాళ్లది.

నేను మా ఉద్యోగుల పుస్తకం అంతా కొత్తగా టైపు చేశాను. ఆరోగ్య బీమా, జబ్బు సెలవు, ఇంట్లో ఎవరైనా పోతే ఇచ్చే సెలవు, అన్నిచోట్లా "భార్య లేదా భర్త" పక్కన "లేదా నమోదైన జోడీ" చేర్చాను. భర్త అన్న మాట కొట్టినప్పుడల్లా వేళ్లకు చక్కిలిగింతలు పెట్టినట్టుండేది. ఎక్కడా తప్పు లేదని గట్టి నమ్మకం.

మంగళవారం గ్వెన్ ఇమమురా అనే ఆఫీసరు వచ్చారు. పొట్టి జుట్టు, పెద్ద సంచి, మెత్తటి గొంతు. పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివి, "చాలా శ్రద్ధగా చేశారు" అన్నారు. ఆల్డో గారు నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు. ఆవిడ లేచి, సంచి భుజానికి తగిలించుకుంటూ, గోడ మీది ఫోటోల దగ్గర ఆగారు. పచ్చటి ట్రక్కులు, ముందు సీట్లో జంటలు. అన్నిటికన్నా కొత్తది నాదీ ఎవరెట్‌దీ.

"ఇవేంటండీ?" అన్నారు.

అడగడమే ఆలస్యం. ఆల్డో గారు ఛాతీ పొంగించి ఒక్కొక్క ఫోటో కథా చెప్పుకొచ్చారు. ఎవరి పెళ్లికి వాన కురిసింది, ఎవరి అత్తగారు కొమ్మల్లో పిట్టగూడు కనిపెట్టింది, అన్నీ. "ఈ ఊళ్లో ఇంకే కంపెనీ అయినా ఇలా చేస్తుందేమో చూపించండి," అన్నారు.

"వారం సెలవు కూడా ఇస్తారా? జీతంతో?"

"జీతం లేకుండా ఎలా? కొత్త కాపురం కదా."

"ఇది పుస్తకంలో లేదే."

"ఇది రూలు కాదు మేడమ్. బహుమానం. మా నాన్న మొదలుపెట్టాడు."

ఇమమురా గారు సంచి మళ్లీ కుర్చీలో పెట్టారు. "పెళ్లయిందని ఉద్యోగికి కంపెనీ ఇచ్చేది ఏదైనా ఈ లెక్కలోకే వస్తుందండీ. పేరు బహుమానమైనా సరే. జంటగా నమోదైన వాళ్లకి కూడా ఇది ఇస్తున్నారా?"

కిటికీ బయట ఆర్లీ గారు బల్ల మీద రంపం పెట్టుకుని గొలుసు పళ్లకు ఆకురాయి పెడుతున్నారు. నేనూ ఆల్డో గారూ అటే చూశాం. ఆవిడ మాత్రం చూడలేదు.

"ఎవరు, ఏమిటి అని నేను అడగను. మీరూ చెప్పక్కర్లేదు," అన్నారు ఆవిడ. "ఇస్తే అందరికీ ఇవ్వండి."

"అసలు ఎవరికీ ఇవ్వకపోతే?" అన్నారు ఆల్డో గారు.

"అప్పుడూ అందరూ సమానమే. రూలు దానికీ ఒప్పుకుంటుంది. కొందరికి ఇచ్చి కొందరికి మానేయడమే కుదరదు. ఏ సంగతో శుక్రవారం మధ్యాహ్నంలోగా రాసివ్వండి."

ఆవిడ కారు గేటు దాటగానే ఆల్డో గారు టోపీని బల్ల మీద విసిరారు. "మా నాన్న చేసిన మంచిపనికి సిటీవాళ్లు వంక పెడతారా? రాయి అమ్మాయ్. ఇవాళ్టి నుంచి కొమ్మల వారం రద్దు. ఎవరికీ లేదు. గొడవ వదిలింది."

"ఆలోచించి రాద్దామండీ."

"ఆలోచించడానికి ఏముంది? కాంట్రాక్టు కావాలా వద్దా?"

మధ్యాహ్నం భోజనాల వేళకు యార్డు అంతటికీ తెలిసిపోయింది. మావాళ్లు ట్రక్కు వెనక తలుపు దించి దాని మీదే కూర్చుని తింటారు. దియోనిసియో అని ఒకడున్నాడు, చెట్టెక్కితే ఉడత. అతని పెళ్లి వచ్చే నెల్లో.

"నా పెళ్లి పెట్టుకుని ఇప్పుడా రద్దు చేసేది?" అన్నాడు. "ట్రక్కు వస్తుందని మా మావగారికి చెప్పేశాను."

"ట్రక్కు రాకపోతే పిల్లనివ్వనంటాడా ఏంటి?" అన్నాడు పక్కన కూర్చున్న ఫినియన్.

"ట్రక్కుని చూసే ఇస్తున్నాడ్రా. నన్ను చూసి ఎవడిస్తాడు?"

అందరూ నవ్వారు. "అసలింతకీ ఎవరి కోసం వచ్చిందిరా ఈ తంటా?" అని ఫినియన్ మామూలుగానే అన్నాడు. అనేశాక నాలిక్కరుచుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. ఒకడు బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. ఒకడు రొట్టె తెరిచి లోపల ఏముందో చూసుకున్నాడు. ఆర్లీ గారు తన డబ్బా మూత పెట్టి, నెమ్మదిగా లేచి, రంపం దగ్గరికి వెళ్లిపోయారు.

కొమ్మల వారం ఆగిపోతే అది ఆయన పేరు మీదే ఆగుతుందని నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లు అందరికీ కట్టిన మనిషికి దక్కకపోగా, అందరికీ లేకుండా చేశాడన్న మాట మిగులుతుంది. నోటితో ఎవరూ అనరు. అనని మాటలు మా యార్డులో ఎంతకాలం ఉంటాయో చూశాను కదా.

ఆ సాయంత్రం పాన్సిట్ వండుతూ ఇదంతా ఎవరెట్‌కి చెప్పాను. అతను నూడుల్స్ వేడివేడిగా గిన్నెలోంచే లాగి తింటూ విన్నాడు.

"ఆ పెద్దాయన్ని ఎవరైనా అడిగారా?" అన్నాడు.

"ఏమని?"

"నీకు కావాలా అని."

"అబ్బే. ఆయన ముందు ఎవరూ ఆ మాటే ఎత్తరు."

"అయితే ఎత్తు. నువ్వు దేనికి ఆగావు గనక? నన్ను పెళ్లి చేసుకోమని కూడా నువ్వే అడిగావు, అదీ బస్సు నడుస్తుండగా."

"ఎర్ర లైటు దగ్గర ఆగి ఉందిలే."

"పచ్చ పడింది. నేను చూసుకోలేదు. వెనక అందరూ హారన్లు."

అతని మీసానికి నూడుల్ అంటుకుంది. తీశాను. ఆ తర్వాత పాన్సిట్ కాస్త మాడింది. ఆ మాడుకి కూడా నవ్వొచ్చింది.

మర్నాడు ఆర్లీ గారు ఒక్కరే షెడ్డులో తాళ్లు చుడుతుంటే వెళ్లాను. వెళ్లి గుమ్మంలోనే నిలబడ్డాను.

"చెప్పు ప్రొఫెసరమ్మా," అన్నారు ఆయనే. "కిందటిసారి ఇలా నిలబడ్డప్పుడు నా జీతం చెక్కు పోగొట్టావు."

"కొమ్మల వారం గురించండీ. మీకు కావాలంటే..."

ఆయన తాడు చుడుతూనే ఉన్నారు. "నేను అడగనమ్మా. అడిగి తీసుకుంటే అది కొమ్మల వారం కాదు. రేషను."

"ఆల్డో గారు రద్దు చేసేస్తానంటున్నారు."

"విన్నాను. నాకొద్దని సంతకం పెట్టి ఇస్తాను. దాన్ని ఆ ఆఫీసరమ్మకివ్వు. దియోనిసియో పెళ్లి చెడగొట్టకండి."

"మీరు వద్దన్నా వాళ్లు ఒప్పుకోరండీ. ఇవ్వాలి, లేదా మానేయాలి."

"అలాగా," అన్నారు. చేతిలో తాడు ఆగింది. "నేనెన్ని ట్రక్కులు కట్టానో. గేటు దాటి మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తాను. వెనక నుంచి భలే ఉంటాయి," అన్నారు. "ముందు సీట్లోంచి ఎలా ఉంటుంది?"

"ఏమీ కనపడదండీ. అంతా ఆకులే. ఆకుల మధ్యలోంచి జనం నవ్వుతూ కనిపిస్తారు."

ఆయన తల ఊపి, చుట్టిన తాడును మేకుకు తగిలించారు. అది చాలా చక్కగా చుట్టిన తాడు. అయినా మళ్లీ తీసి చుట్టడం మొదలుపెట్టారు.

గురువారం ఆల్డో గారు వస్తూనే అడిగారు. "టైపు చేశావా?"

"లేదండీ. వేళ్లు నొప్పులు."

"పెళ్లయిన కాడి నుంచి నీ వేళ్లకి రోజుకో రోగం."

"ఆర్లీ గారికి ఇచ్చేస్తే పోయేదానికి, అందరికీ తీసేయడం దేనికండీ?"

ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. "అమ్మాయ్, నేను ఆర్లీని తక్కువ చూస్తాననుకుంటున్నావా? మా నాన్న పోయినప్పుడు శవపెట్టె మోసినవాళ్లలో వాడొకడు. ఇన్నేళ్లలో వాడు ఒక్క మాట అడిగి ఉంటే కాదనేవాణ్ణా? వాడు అడగలేదు."

"నేనూ అడగలేదండీ."

"ఏంటి?"

"కొమ్మల వారం ఇవ్వమని నేను మిమ్మల్ని అడగలేదు. ఎనిమిదింటికి గుమ్మం దగ్గర నిలబడమన్నారు. నిలబడ్డాను."

"నీ సంగతి వేరు. నీకు పెళ్లని నాకు తెలుసు."

"వాళ్ల సంగతి మీకు తెలీదా?"

యజమానితో అలా మాట్లాడటం అదే మొదలు. ఆల్డో గారు కిటికీలోంచి బయటికి చూసి, టోపీ పెట్టుకుని లేచారు. తలుపు తీసిపెట్టే వెళ్లారు. కాబట్టి అవతల జరిగింది నేను పొంచి విన్నానని ఎవరూ అనడానికి లేదు.

ఆర్లీ గారు మొద్దు మీద కూర్చుని చేతి తొడుగుల్లోంచి రంపపు పొట్టు దులుపుతున్నారు. ఆల్డో గారు పక్క మొద్దు మీద కూర్చున్నారు.

"ఆర్లీ."

"ఊఁ."

"నువ్వూ ఎఫ్రైనూ సిటీ హాల్లో పేర్లు రాయించుకున్నారా?"

"రాయించుకున్నాం."

"ఎప్పుడు?"

"చాన్నాళ్లయింది. పన్ను పీకించుకోవాలని నిన్ను సెలవడిగాను, గుర్తుందా?"

ఆల్డో గారు నుదురు ముడిచారు. "గుర్తుంది. దవడ వాచిపోయి ఉంటుందని మా ఆవిడ చేత సూపు కాయించి పంపాను. పెద్ద గిన్నెడు."

"అదే మా పెళ్లి భోజనం."

ఆల్డో గారు టోపీ వెనక్కి నెట్టుకున్నారు.

"సూపు బాగుంది," అన్నారు ఆర్లీ గారు. "ఎఫ్రైన్ మటుకు ఉప్పు తక్కువైందన్నాడు."

"మా ఆవిడ సూపులో ఉప్పు తక్కువా?"

"నేననలేదు. వాడన్నాడు."

"మరి ఆ పన్ను?"

"ఉంది. అన్నీ ఉన్నాయి."

ఆల్డో గారు ముందు గొంతులోనే నవ్వారు, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత టోపీ తీసి మొహం దాచుకున్నారు. అది నవ్వో ఇంకోటో నాకు కనిపించలేదు. "చెప్పి ఉండాల్సింది నాకు," అన్నారు.

"ఏమని చెప్పను ఆల్డో? నా ట్రక్కు నేనే కట్టుకుంటాననా?"

"కాదులే. నేనే అడిగి ఉండాల్సింది." ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నారు. "రేపు పొద్దున ఎనిమిదింటికి ఇద్దరూ గుమ్మం దగ్గర ఉండండి."

"సిటీవాళ్ల కోసమైతే వద్దు."

"సిటీవాళ్లకి కాగితం చాలు. దాన్ని ఆ వేళ్ల నొప్పుల పిల్ల కొడుతుంది. ట్రక్కు మీకు. సోమవారం దాకా ఆగడం నా వల్ల కాదు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "నువ్వు తాడు ముట్టుకున్నావో, ఊరుకోను."

ఆర్లీ గారు చేతి తొడుగులు తొడుక్కున్నారు, విప్పారు, మళ్లీ తొడుక్కున్నారు. నేను వెళ్లి టైపు మిషను ముందు కూర్చున్నాను. వేళ్లు ఎంత హాయిగా కదిలాయో చెప్పలేను.

శుక్రవారం తెల్లారకముందే దియోనిసియో, ఫినియన్, మిగతా అందరూ యార్డులో చేరి ట్రక్కు కట్టారు. ప్రేమకు లోటు లేదు గాని చేతనైన పని కాదు. బే కొమ్మలు ముందుకొచ్చాయి, మాగ్నోలియా వెనక్కి పోయింది. పైన ఒక సన్నటి పొడుగు కొమ్మ జెండాలా నిలబడింది. పొగమంచులో ట్రక్కు వస్తుంటే, కూలిన చెట్టుకి చక్రాలు మొలిచి ఊళ్లోకి బయల్దేరినట్టుంది.

ఆర్లీ గారూ ఎఫ్రైన్ గారూ గుమ్మం ముందే ఉన్నారు. ఇద్దరికీ ఒకే బట్టతో కుట్టిన ముదురు నీలం సూట్లు. ఎఫ్రైన్ గారు పొట్టిగా, గుండ్రంగా, మెడలో మామూలుగా వేలాడే కొలతల టేపు లేకపోవడంతో ఏదో మర్చిపోయి వచ్చినవారిలా ఉన్నారు. ఇరుగుపొరుగు మెట్లెక్కి నిలబడ్డారు. ఆర్లీ గారు ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగి, ఒక ముడి దగ్గర ఆగారు.

"ఇదేం ముడిరా?"

"అన్నా, నువ్వెక్కి కూర్చో," అన్నాడు దియోనిసియో.

"ఇది మలుపు దాకా కూడా..."

"ఎక్కవయ్యా మహానుభావా," అన్నారు ఎఫ్రైన్ గారు. "నీ పెళ్లిలో కూడా నువ్వే మేస్త్రీవా?"

ఆల్డో గారు కోటూ టైతో దిగి, తలుపు తీసి పట్టుకున్నారు. ముందు ఎఫ్రైన్ గారు ఎక్కారు, తర్వాత ఆర్లీ గారు. హారన్ మోగింది. మేమంతా రెండో ట్రక్కులో వెనకే బయల్దేరాం. నా ఒళ్లో సిటీవాళ్ల కాగితాలున్న కవరు. మధ్యాహ్నంలోగా ఇచ్చేస్తే పని అయిపోతుంది.

మిషన్ వీధిలో ఒక బస్సును దాటుతుండగా ఆ జెండా కొమ్మ దాని పైన కరెంటు తీగను పట్టుకునే కడ్డీకి తగిలింది. కడ్డీ తీగ మీంచి జారి గాల్లో ఊగింది. బస్సు ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోయింది. ఆల్డో గారు బ్రేకు వేశారు. బస్సు తలుపు తెరుచుకుని, చేతికి పెద్ద తొడుగులతో డ్రైవరు దిగాడు. చూస్తే ఎవరెట్.

"ఇవాళ నాకు పని పెట్టేది ఈ ట్రక్కేనని చూడగానే అనుమానం వచ్చింది," అన్నాడు నాతో.

"దీన్ని కట్టింది నువ్వు కాదుగా, నవ్వకు," అన్నాడు దియోనిసియో.

ఆర్లీ గారు అప్పటికే దిగిపోయారు. "ఆల్డో, బండి తీగల కింది నుంచి పక్కకి తియ్యి. ఇంకా. ఇంకా తియ్యి. ఆఁ, చాలు." ట్రక్కు రోడ్డు అంచుకి వచ్చాక చిన్న రంపం తీసుకుని, నీలం సూటుతోనే పైకెక్కారు. ఎఫ్రైన్ గారు కిటికీలోంచి తల బయటపెట్టి, "మోకాళ్ల దగ్గర జాగ్రత్త, అది ఇంగ్లండు ఉన్ని," అని కేకేశారు. ఆర్లీ గారు కొమ్మ కోసి కిందికి అందించారు. ఎక్కిన మనిషి అంతటితో ఊరుకున్నారా, బే కొమ్మలు రెండు తీసి పక్కలకి మార్చి, ముడులు విప్పి మళ్లీ వేయడం మొదలుపెట్టారు.

"తాడు ముట్టుకోవద్దన్నానా?" అన్నారు ఆల్డో గారు.

"ఒక్క నిమిషం ఆగు."

ఈలోగా బస్సులో జనమంతా దిగొచ్చారు. వంటింటి కిటికీలోంచి నాకు తెలిసిన ముసలమ్మలు కూడా ఉన్నారు. నన్ను గుర్తుపట్టి చేతులూపారు. వాళ్లలో ఒకావిడ ట్రక్కు దగ్గరికెళ్లి కొమ్మలు పక్కకి తప్పించి లోపలికి చూసింది.

"ఎవరిది నాయనా పెళ్లి?"

"మాదే," అన్నారు ఎఫ్రైన్ గారు, పైనున్న మనిషిని చూపిస్తూ. "కాస్త ఆలస్యమైంది."

ఆవిడ పైకి చూసింది. సూటు, నెరిసిన జుట్టు, చేతిలో రంపం. ఇటు ఎఫ్రైన్ గారిని చూసింది. తన చేతిలో బేకరీ సంచి ఉంది, అప్పుడే కొన్న తీపి రొట్టెలు. ఆ సంచి అలాగే ఆయన ఒళ్లో పెట్టి, "పెళ్లిరోజున ఆకలితో ఉండకూడదు. అతనికి కూడా పెట్టు," అంది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అందరూ కొట్టారు. ఆర్లీ గారు అప్పటిదాకా జనాన్ని చూసుకోలేదేమో, ముడి బిగిస్తూ తలెత్తి, వీధంతా తనవైపే చూస్తుంటే, ఏం చేయాలో తోచక రంపం ఉన్న చేత్తోనే టోపీ ఎత్తినట్టు నమస్కారం పెట్టారు. తలకి టోపీ లేదు.

ఎవరెట్ కడ్డీని తీగకు తగిలించి, బస్సెక్కి, హారన్ నొక్కాడు. చిన్నగా కాదు. వీధి చివర సెలూన్‌లోంచి సబ్బు మొహాలతో మనుషులు బయటికొచ్చి చూశారు.

మేం సిటీ ఆఫీసు చేరేసరికి ఇంకా వేళ ఉంది. నేను లోపలికి పరుగెత్తి ఇమమురా గారిని పిలిస్తే, ఆవిడ కిటికీలోంచి కిందికి చూసి, కాగితం అక్కడ తీసుకోకుండా నాతోపాటే మెట్లు దిగి వచ్చారు. ట్రక్కు ముందు నిలబడి, బానెట్ మీద పెట్టుకుని చదివారు. పెళ్లయిన ఉద్యోగికైనా, జంటగా నమోదైన ఉద్యోగికైనా కొమ్మలు కట్టిన ట్రక్కు, వారం సెలవు, జీతం.

"ఇది ఇక మీదట వచ్చేవాళ్లకేనా?" అన్నారు. "ఇదివరకే నమోదై, దక్కకుండా పోయినవాళ్లకి కూడానా?"

ఆల్డో గారు ట్రక్కు ముందు సీటు వైపు చెయ్యి చాపారు. ఆకుల మధ్యలోంచి రెండు మొహాలు చూస్తున్నాయి. ఒకటి రొట్టె నములుతోంది.

"చూశాను," అన్నారు ఇమమురా గారు. "నాకు కాగితం మీద ఉండాలండీ."

"రెండో పేరాలో ఉందండీ," అన్నాను.

ఆవిడ రెండో పేరా చదివారు. కలం తీసి సంతకం పెట్టారు. "నా వైపు నుంచి ఇక అడ్డేమీ లేదు. కాంట్రాక్టు మీదే."

వెనక ట్రక్కులోంచి మావాళ్లు పెట్టిన కేకలకి మెట్ల మీది పావురాలన్నీ లేచిపోయాయి. దియోనిసియో ఫినియన్‌ని ఎత్తి తిప్పాడు. ఆల్డో గారు ఆఫీసరమ్మకి ఒక మాగ్నోలియా రెమ్మ విరిచి ఇవ్వబోతే, ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. కాంట్రాక్టుదారుల దగ్గర బహుమానాలు తీసుకోకూడదట. కానీ మేం కదులుతుండగా అద్దంలోంచి చూశాను. ఆవిడ వంగి, రోడ్డు మీద రాలిన బే ఆకు ఒకటి తీసుకుని, నలిపి వాసన చూస్తున్నారు.

ఆ తర్వాత ఆల్డో గారు వాళ్లను ఊరంతా తిప్పారు. సముద్రం దాకా వెళ్లాలని ఎఫ్రైన్ గారు అడిగితే అక్కడికీ వెళ్లాం. చివరికి ఇంటి ముందు దించి, గొంతు సవరించుకుని, అందరికీ చెప్పే మాటే చెప్పారు. "వారం దాకా మీ మొహాలు నాకు చూపించొద్దు." అని ఊరుకోలేదు. దిగి ఇద్దర్నీ కావలించుకున్నారు. సూటు నలిగిందని ఎఫ్రైన్ గారు విసుక్కున్నారు.

సోమవారం యార్డు పిచ్చిగా నడిచింది. రంపం ఒకటి కనపడలేదు, ఒక ట్రక్కులో పెట్రోలు లేదు, పొడుగు తాడు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. ఆల్డో గారు విసవిసా లోపలికొచ్చి నా బల్ల మీది ఫోను ఎత్తారు.

"ఎవరికండీ?"

"ఆర్లీకి. ఆ తాడు ఎక్కడ పెట్టాడో ఒక్క ముక్క అడిగి..."

నేను ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని యథాస్థానంలో పెట్టేశాను.

"ఆయన కొమ్మల వారంలో ఉన్నారండీ," అన్నాను.

ఆల్డో గారు నన్ను చూశారు. ఫోనును చూశారు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ, తాడు వెతకడానికి తనే షెడ్డులోకి వెళ్లారు.